36 అంటే దేని కొలత?

మా వదిన భుజాల మీద రెండు గాడులు ఉన్నాయి. చూపుడువేలు పెడితే కుదురుగా ఇమిడేంత లోతు. ఇరవై ఏళ్లుగా బ్రా పట్టీలు ఒకే చోట నొక్కి నొక్కి పడినవి. మెడనొప్పికి ఆమె దిండు మార్చింది, పరుపు మార్చింది, ఎముకల డాక్టరుకు చూపించుకుని క్యాల్షియం మాత్రలు వాడింది. బ్రా మార్చి చూడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు ఎవరున్నారు కనుక? మన ఇళ్లలో ఆడపిల్లకు పన్నెండో ఏటో పదమూడో ఏటో అమ్మ కాగితంలో చుట్టి తెచ్చిన ‘బాడీ’తో ఈ చదువు మొదలవుతుంది, ఆ పూటే ముగుస్తుంది. తర్వాత కాన్పులు, థైరాయిడ్, నలభై దాటాక వచ్చే ఒళ్లు, ఏది వచ్చినా పాత అంకెకు ఒక రెండు కలపడమే మనకు తెలిసిన లెక్క.

పోయిన వేసవిలో ఆమెతో కలిసి మా ఊరి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లాను. ముందు వైపు ఫాల్స్, లైనింగు గుడ్డలు, లంగాలు. వెనక అరలో బ్రాల అట్టపెట్టెలు. కౌంటర్ అవతల ఉన్న కుర్రాడు తల ఎత్తకుండానే ‘‘సైజు?’’ అన్నాడు. వదిన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ‘‘38’’ అంది. పెట్టె వచ్చింది. మీద 38బి అని ఉంది. బి కాకుండా సి, డి ఏమైనా ఉన్నాయా అని నేను అడిగాను. ‘‘అన్నీ ఒకటే మేడం, ఇంకా పెద్దది కావాలంటే 40 ఇస్తాను’’ అన్నాడు.

అతని మాటలో సగం నిజం ఉంది. చిక్కు కూడా అక్కడే ఉంది.

జాకెట్టు కుట్టించుకోవడం అలవాటైన వాళ్లం కాబట్టి, 36 అనగానే టైలరు టేపు చుట్టి చదివిన అంకె అనుకుంటాం. జాకెట్టుకు 36 అంటే రొమ్ములు అన్నిటికన్నా నిండుగా ఉన్నచోట ఛాతీ చుట్టుకొలత. బ్రాకు 36 అంటే అది కాదు. బ్రా అంకె రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ బిగిసి ఉండే పట్టీకి సంబంధించినది. రొమ్ము ఎంత ఉందో చెప్పేది పక్కనున్న అక్షరం. అదీ విడిగా కాదు, కింది కొలతకూ పైకొలతకూ ఉన్న తేడాగా చెబుతుంది. కనుక ‘డి’ అంటే భారీ అనుకోవడం అర్థం లేని మాట. 32 పట్టీ మీది డి వేరు, 40 పట్టీ మీది డి వేరు. అంకె లేని అక్షరం, ఇంటిపేరు చెప్పకుండా ‘లక్ష్మి గారి ఇల్లెక్కడ’ అని అడగడం లాంటిది.

అసలు సంగతి ఏమిటంటే, పట్టీ అంకె ఒక మెట్టు పెరిగినప్పుడు అక్షరం అదే ఉన్నా కప్పు లోపలి చోటు కూడా పెరుగుతుంది. 38బి కప్పులో ఎంత చోటు ఉంటుందో 36సి లోనూ, 34డి లోనూ దాదాపు అంతే ఉంటుంది. కప్పు ఒకటే, దాన్ని మోసే పట్టీ మాత్రమే వేరు. ఇంగ్లీషులో వీటిని సిస్టర్ సైజులు అంటారు, మనం అక్కచెల్లెళ్ల సైజులు అనుకోవచ్చు. ఇప్పుడు దుకాణంలో ఏం జరుగుతుందో చూడండి. నిండు రొమ్ములున్న మనిషి 34బి తొడుక్కుంటే పైనుంచి పొంగుతుంది. అరలో సి, డి లేవు. కుర్రాడు 36 ఇస్తాడు, అదీ చాలకపోతే 38 ఇస్తాడు. పొంగడం నిజంగానే తగ్గుతుంది. అతని వైద్యం పనిచేసింది, కప్పు పెరిగింది. కాని దాంతోపాటు పట్టీ నాలుగు అంగుళాలు వదులైంది, అది మాత్రం ఆ పూట తెలియదు. బస్సెక్కి చెయ్యి పైకెత్తినప్పుడు వీపు మీద పట్టీ మెడ వైపు పాకితే తెలుస్తుంది.

పట్టీ వదులైతే ఏమవుతుంది? బిందె మోసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నిండు బిందెను చంకన పెట్టుకుంటే బరువు తుంటి మీదికి దిగుతుంది, చెయ్యి పట్టుకుని ఉంటుందంతే. అదే బిందెను తాడు కట్టి భుజానికి వేలాడదీసుకుని బావి నుంచి ఇంటిదాకా నడవమంటే ఎవరు నడుస్తారు? బ్రాలో తుంటి పని చేసేది కింది పట్టీ, చేతి పని చేసేవి భుజాల పట్టీలు. బరువులో ఎక్కువ భాగం పక్కటెముకల చుట్టూ ఉన్న పట్టీ మొయ్యాలి. అది వదులైతే మొత్తం భుజాల మీదికి ఎక్కుతుంది. నిండైన రొమ్ములు రెండూ కలిపి కిలో, అంతకు పైన కూడా తూగుతాయి. రోజుకు పన్నెండు గంటలు కిలో బరువును రెండు సన్నటి ఎలాస్టిక్ పట్టీలకు వేలాడదీస్తే గాడులు పడవా?

రొమ్ములో కండరం లేదు. కొవ్వు, పాల గ్రంథులు, వాటిని అక్కడక్కడా చర్మానికి కట్టి ఉంచే పీచులాంటి దారాలు మాత్రమే ఉంటాయి. ఆ దారాలకు 19వ శతాబ్దపు ఇంగ్లిష్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ పేరు పెట్టారు. వ్యాయామం చేస్తే రొమ్ము వెనక ఉన్న ఛాతీ కండరం గట్టిపడుతుంది తప్ప రొమ్ము తనను తాను మోసుకోలేదు. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో రొమ్ముల ఆరోగ్యం మీద పనిచేసే పరిశోధన బృందం ఒకటి ఉంది. పరిగెత్తేటప్పుడు రొమ్ములు పైకీ కిందికీ మాత్రమే కాదు, పక్కలకూ ముందుకూ కూడా కదులుతూ 8 అంకె ఆకారంలో తిరుగుతాయని వాళ్లు కొలిచి చూపించారు. ఉదయపు నడకలో చున్నీ రెండు మడతలు వేసుకునే వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఇక కొలతల దగ్గరికి వస్తే, ఈ గందరగోళానికి ఒక చరిత్ర ఉంది. 1914 నవంబరులో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జాకబ్ అనే ఆమె పేటెంటు తీసుకున్న బ్రాకు సైజు అక్షరాలు లేవు. అది రెండు చేతిరుమాళ్లు, రిబ్బన్లు కలిపి కుట్టిన ఆలోచనలోంచి పుట్టింది. ఎ నుంచి డి వరకు అక్షరాలు 1930లలో అక్కడి కంపెనీలు తెచ్చినవి. అప్పటి పట్టీలకు ఇప్పటంత సాగే గుణం లేదు. ఇవాళ్టి బ్రాలను సాగదీసే ఎలాస్టేన్ దారం డ్యుపాంట్ కంపెనీలో తయారైంది 1958లో. పక్కటెముకల కొలతకు నాలుగో ఐదో అంగుళాలు కలిపి దాన్ని పట్టీ సైజు అనే పాత లెక్క మాత్రం బట్ట మారినా పోలేదు. ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒక దాంట్లో అంగుళాలు కలుపుతారు, ఇంకో దాంట్లో కలపరు.

వదిన కొలతలతోనే చూపిస్తాను, ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పక్కటెముకల చుట్టూ 31 అంగుళాలు, నిండైన చోట 38. పాత లెక్కలో 31కి 5 కలిపితే 36, అక్కడినుంచి 38కి తేడా 2, అంగుళానికో అక్షరం చొప్పున 36బి. కొత్త లెక్కలో 31ని పై సరిసంఖ్య 32 చేసి, 38లోంచి తీసేస్తే 6. బ్రిటిష్ వరుసలో ఎ, బి, సి, డి, డిడి, ఇ అని లెక్కపెట్టుకుంటే 32ఇ. మూడో దారి సెంటీమీటర్లది. కింద 79, పైన 96న్నర, యూరప్ పద్ధతి ప్రకారం చూస్తే 80సి, అంటే మన పెట్టెల మీది భాషలో 36సి. ఒకే మనిషికి మూడు పేర్లు! ఏది నిజం అంటే, ఏదీ కాదు. సైజు అనేది ఆ కంపెనీ ఆ ముక్కకు పెట్టుకున్న పేరు. అందుకే కంపెనీ చార్టులో అంకె మీద కాక, దాని పక్కన సెంటీమీటర్లలో ఇచ్చిన కొలత మీద కన్నుండాలి. అక్కడినుంచి మొదలుపెట్టి, మిగతాది ఒంటి మీద తేల్చుకోవాలి.

కొలిచేటప్పుడు రెండు జాగ్రత్తలు. కింది కొలత ఊపిరి వదిలాక, టేపు బాగా బిగించి, వీపు వైపు జారిపోకుండా అద్దంలో చూసుకుంటూ తీసుకోవాలి. పైకొలత నిటారుగా నిలబడి తీస్తే, కాస్త జారిన మెత్తటి రొమ్ముల విషయంలో తక్కువ చూపిస్తుంది. నడుము వంచి, వీపు నేలకు సమాంతరంగా ఉంచి, టేపును నొక్కకుండా తాకించి చదివితే నిజానికి దగ్గరగా వస్తుంది. వదినకు 38 వచ్చింది అలా వంగితేనే. రెండు రొమ్ములూ ఒకే పరిమాణంలో ఉండటం అరుదు కాబట్టి కప్పు పెద్దదానికి సరిపోవాలి.

మా ప్రయోగం 36సి తో మొదలైంది. ముందు పట్టీని విడిగా పరీక్షించాలి. దానికో సులువైన పద్ధతి ఉంది. బ్రాను తిరగేసి, కప్పులు వీపు వైపుకు, హుక్కులు ముందుకు వచ్చేలా చుట్టుకోవాలి. కప్పుల గొడవ లేకుండా పట్టీ ఒక్కటే ఒంటికి ఎలా ఉందో తెలుస్తుంది. అన్నిటికన్నా వదులైన హుక్కు మీద బిగుతుగా, కాని ఊపిరికి అడ్డం రాకుండా ఉండాలి. రెండు వేళ్లు దూరాలి, గుప్పెడు దూరకూడదు. కొత్త బ్రాను ఎప్పుడూ ఆ వదులు హుక్కు మీదే చూసుకోవాలి. ఎలాస్టిక్ నెలనెలా సాగుతుంది, లోపలి హుక్కులు ఉన్నది ఆ రోజుల కోసం. కొన్న రోజే లోపలి హుక్కు పెట్టుకుంటే ఇక ముందుకు పోవడానికి దారి ఉండదు. 36సి పట్టీ వదినకు వీపు మీద పైకి పాకింది. 34డి కి మారాం, అదే కప్పు, ఒక మెట్టు చిన్న పట్టీ. పట్టీ కదలలేదు.

ఇంకా ఒక పని మిగిలింది, దీన్ని మనలో చాలామంది ఎప్పుడూ చేసి ఉండరు. హుక్కులు పెట్టుకున్నాక ముందుకు వంగి, చెయ్యి కప్పులోకి పోనిచ్చి, చంక పక్కకూ వీపు వైపుకూ జారిపోయిన రొమ్మును మెల్లగా ముందుకు లాగి కప్పులో సర్దుకోవాలి. వదిన చంక పక్కన కొవ్వు అనుకుంటూ వచ్చినదానిలో చాలా భాగం రొమ్మే. ఏళ్ల తరబడి ఇరుకు కప్పు దాన్ని పక్కకు నెట్టింది. సర్దుకున్నాక 34డి పై అంచు మీద ఒక ఉబ్బు కనిపించింది, ఒక రొమ్ము రెండుగా విడిపోయినట్టు. కప్పు చాలడం లేదని దాని అర్థం. చివరికి తేలిన సైజు 34డిడి. 38బి తో బయలుదేరిన మనిషి 34డిడి దగ్గర ఆగింది. ‘‘డిడి నా? నేనా?’’ అని ఆమె నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

కుదిరిందని ఎలా తెలుస్తుంది? పక్క నుంచి చూస్తే పట్టీ ముందూ వెనకా ఒకే ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉంటుంది. కప్పుల కింద తీగ ఉన్న బ్రా అయితే రెండు కప్పుల మధ్య ముక్క రొమ్ముల నడుమ ఎముకను తాకుతుంది, గాలిలో తేలదు. తీగ రొమ్ము మొదలయ్యే మడతలో కూర్చుని, పక్కన చంక మధ్యభాగం వైపు వెళ్లి ఆగుతుంది. రొమ్ము మీద ఎక్కితే కప్పు చిన్నది. పట్టీలు భుజం మీదినుంచి జార్చేసి ఒక్క నిమిషం నిలబడి చూడండి. రొమ్ములు కొద్దిగా దిగితే పర్వాలేదు, బ్రా మొత్తం కిందికి వచ్చేస్తే పట్టీ తన పని చేయడం లేదు. కప్పు పైభాగంలో బట్ట ముడతలు పడితే కప్పు పెద్దదని అనుకుంటాం, కాని ఎప్పుడూ అలా కాదు. కాన్పుల తర్వాత, వయసుతో రొమ్ము పైభాగం పలచబడి కింద నిండుగా మారుతుంది. అప్పుడు నిండు కప్పు ఉన్న బ్రా పైన బోసిగానూ కింద ఇరుకుగానూ ఉంటుంది. అక్షరం తగ్గించడం పరిష్కారం కాదు, కోత మార్చాలి, పై అంచు తక్కువగా ఉన్న బాల్కనెట్ లాంటిది చూడాలి.

కోత మాట వచ్చింది కాబట్టి, దుకాణాల్లో ఎక్కువగా చూపించే ఫోమ్ కప్పుల గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను. అచ్చులో పోసి తీసిన ఆ నున్నటి కప్పు చిన్న రొమ్ములకు బాగుంటుంది. నిండు రొమ్ములకు అది తన ఆకారాన్ని రుద్దాలని చూస్తుంది, ఒళ్లు ఒప్పుకోదు. రెండు మూడు బట్ట ముక్కలు కలిపి కుట్టిన కప్పు మేలు. కుట్టు ఉన్నచోట బట్ట సాగదు, అదే మోసేది. కప్పు పక్కన చంక వైపు నిలువుగా ఒక అదనపు ముక్క కుట్టి ఉంటే అది రొమ్మును ముందుకు నెట్టి నిలబెడుతుంది. టీషర్టులోంచి కుట్టు కనిపిస్తుందని కొందరి బాధ, కాటన్ చీరలోంచి, కుర్తాలోంచి ఏమీ కనిపించదు. మూడు హుక్కుల వరుస, భుజాల మీద వెడల్పు పట్టీలు, వీపు వైపు గట్టి జాలీ బట్ట చూసుకోవాలి. వీపు పట్టీ రెండు వేళ్ల వెడల్పే ఉండి ఒకటే హుక్కు ఉన్నది ఎంత అందంగా ఉన్నా అక్కడే వదిలేయడం మంచిది. మినిమైజర్ అని అమ్మేది రొమ్మును తగ్గించదు, పక్కలకు సర్ది ముందు నుంచి చదును చేస్తుంది. చొక్కా బొత్తాల మధ్య సందు పడే వాళ్లకు పనికొస్తుంది. రోజంతా వేసుకుంటే చంకల దగ్గర ఒరుసుకుంటుందని చాలామంది అంటారు. నడకకూ యోగాకూ స్పోర్ట్స్ బ్రా కొనేవాళ్లు, రెండు రొమ్ములనూ కలిపి ఛాతీకి అదిమేది కాక, లోపల విడివిడిగా కప్పులున్నది అడగాలి.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న కూతుళ్లు అమ్మలకు బ్రాలు తెచ్చేటప్పుడు డి దాటాక పొరబడతారు. డి వరకు అందరిదీ ఒకే వరుస. ఆ తర్వాత బ్రిటన్‌లో డిడి, ఇ, ఎఫ్, ఎఫ్ఎఫ్, జి అని నడుస్తుంది. అమెరికాలో డిడి తర్వాత డిడిడి, దాన్నే ఎఫ్ అని కూడా అంటారు. కాబట్టి అమెరికా ఎఫ్ బ్రిటన్ ఎఫ్ కన్నా ఒక అక్షరం చిన్నది, బ్రిటన్ ఇ కి సమానం. ఫ్రాన్స్‌లో పట్టీ అంకెకే 15 ఎక్కువ, జర్మనీ 75 ఫ్రాన్స్‌లో 90 అవుతుంది. పెట్టె మీద ఏ దేశపు సైజో చూడకుండా సంచిలో వేసుకుని పద్నాలుగు గంటలు విమానంలో మోసుకొస్తే, అది చివరికి పనిమనిషికి పోతుంది.

తీగ ఉన్న బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుందనే సందేశం వాట్సాప్‌లో ఏటా రెండుసార్లు వస్తుంది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో సియాటెల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం వాళ్లు నెలసరి ఆగిన దాదాపు 1,500 మంది స్త్రీలను ప్రశ్నించి ఈ సంగతే చూశారు. రోజుకు ఎన్ని గంటలు వేసుకున్నారు, తీగ ఉందా లేదా, ఏ వయసులో మొదలుపెట్టారు, దేనికీ క్యాన్సర్‌తో సంబంధం కనబడలేదు. నల్ల బ్రా వేసుకున్నా వస్తుందనే మరో పుకారు సంగతి నన్ను అడగకండి. తీగ వల్ల నిజంగా వచ్చే బాధ వేరు. సైజు తప్పితే అది గుచ్చుకుంటుంది, పాలిచ్చే రోజుల్లో ఒకే చోట నొక్కి పాలు గడ్డకట్టడానికి దారి తీయవచ్చు. అందుకే ఆ నెలల్లో తీగ లేనిదే సుఖం.

మన ఎండలకు తగిన బాధ ఇంకొకటి ఉంది. రొమ్ము కింది మడతలో చెమట నిలిచి, చర్మం ఒరిసి, ఎర్రగా పాచిపోతుంది, తడి ఆరకపోతే ఫంగస్ పడుతుంది. పౌడరు చల్లితే చెమటతో కలిసి ముద్దకడుతుంది. చోటు మారాల్సింది రొమ్మే, మడతలోంచి పైకి లేవాలి. సరిగ్గా మోసే బ్రా చర్మాన్ని చర్మం నుంచి విడదీస్తుంది, లోపలి వైపు కాటన్ ఉంటే తడి పీలుస్తుంది. ఒకే బ్రాను వరుసగా రెండు రోజులు వేసుకోకుండా మూడింటిని తిప్పుకుంటే ఎలాస్టిక్‌కూ విశ్రాంతి, ఒంటికీ విశ్రాంతి. చేత్తో ఉతికి, మెలిపెట్టి పిండకుండా, నీడలో ఆరేస్తే ఎక్కువ కాలం మన్నుతాయి. నడి ఎండలో దండెం మీద ఆరేసిన ఎలాస్టిక్ ఆర్నెల్లకే అప్పడం అవుతుంది. పుండు మానకపోయినా, గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా అది బ్రా సమస్య కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

34డిడి మా ఊళ్లో దొరకలేదు. ఇంటర్నెట్‌లో, కొలతలు సెంటీమీటర్లలో ఇచ్చి, నచ్చకపోతే వెనక్కి తీసుకునే చోట రెండు తెప్పించాం. ఒకటి తిప్పి పంపాం, ఇంకోటి ఉంచుకున్నాం. అది వేసుకున్న మొదటి వారంలో వదిన ఫోను చేసి నన్ను తిట్టింది. జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదట. పట్టవు మరి. ఛాతీ చుట్టుకొలత పెద్దగా మారలేదు కాని, రొమ్ము ఉన్నచోటు పైకి వచ్చింది. పాత బ్రాతో కొలిచి కుట్టిన జాకెట్లలో రొమ్ము కోసం వేసిన మడత కుట్లు, ఆ డాట్లన్నీ ఇప్పుడు ఖాళీగా ఉన్నచోటికి గురిపెట్టి ఉన్నాయి. కొత్త బ్రా వేసుకుని టైలరు దగ్గరికి వెళ్లమన్నాను. ఆయన టేపు భుజం మీదినుంచి రెండుసార్లు దించి చూసి, పాత పుస్తకంలో ఆమె పేజీ తీసి, పాత అంకెను కొట్టేసి పక్కన ముప్పావు అంగుళం తక్కువ వేశాడట. కారణం అడగలేదు.